ఎంగిలి అనడం మానేసిన సారు

"ఎంగిలి సారు చనిపోయిండు" అని మా పాత క్లాసు వాట్సాప్ గ్రూపులో వచ్చింది. దాని కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు, వెలిగే దీపాలు, రేకులు రాలుతున్న ఒక గులాబీ. ఆ తర్వాత ఎవడో పళ్ళికిలించే బొమ్మ పెట్టి "యాదికున్నదా? రెండు మారిస్తే ఎంగిలి!" అని రాశాడు. దానికీ దండాలే పడ్డాయి. నేను ఫోను బోర్లా పెట్టేశాను. ఏడుపు కంటే ముందు నాకు రోత పుట్టింది. ఏడుపు మధ్యాహ్నం వచ్చింది, బడిలో పిల్లలు డబ్బాలు తెరుచుకుని కూర్చున్నాక.

మీలో చాలామందికి ఆయన తెలియదు. లక్సెట్టిపేట దగ్గర గోదావరి వైపు ఉన్న ఒక చిన్న ఊరి బడిలో మాకు సైన్సు చెప్పిన సారు. పుట్టి పెరిగింది ఆదిలాబాదులో, పత్తి మార్కెట్టు పక్కన. అందుకని మాటల్లో మరాఠీ దొర్లేది. ఏదైనా నచ్చకపోతే ముక్కు ముడుచుకుని "ఘాణ్!" అనేవారు. కంపు, చెత్త అని ఆ మాటకు అర్థమని మాకు చాలా రోజుల తర్వాత తెలిసింది. చేతి రుమాలు నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకునేవారు. సరిగ్గా తుడవని బోర్డు చూస్తే రోత. గైడు చూసి వల్లించిన జవాబు వింటే రోత. కళ్ళతో చూడకుండా నోటుపుస్తకంలో రాసేసిన ఫలితం కనబడితే ఆ పూటంతా ముఖం మాడిపోయేది. ఇంత సులువుగా అసహ్యపడే మనిషి పిల్లల ముక్కులు మాత్రం తన రుమాలుతోనే తుడిచేవారు. అది ఎట్లా సాధ్యమో నాకు ఇప్పటికీ అంతుబట్టదు.

నేను ఇప్పుడు మెట్‌పల్లిలో ఒక ప్రైవేటు బడిలో అదే సైన్సు చెబుతున్నాను. నా క్లాసులో పిల్లలు "స్వతంత్ర చరరాశి, పరతంత్ర చరరాశి, నియంత్రిత చరరాశి" అని గడగడా అప్పజెబుతారు. రెండు గ్లాసులు చేతికిచ్చి ఏది మారుస్తారో చెప్పండర్రా అంటే అది ఏ పేజీలో ఉంది మేడం అని అడుగుతారు. సైన్సు మేళా వస్తే దుకాణంలో కొన్న థర్మాకోలు అగ్నిపర్వతాలు వరసగా దిగుతాయి. వాటి ముందు టై కట్టుకుని నిలబడ్డ పిల్లలను చూసి తల్లిదండ్రులు వీడియోలు తీసుకుంటారు. ఆ ఎర్ర రంగు నీళ్ళు బల్లల మీద నుంచి కారుతుంటే నేనూ ముక్కు ముడుచుకుంటాను. ఈ రోత నాకు ఆయన దగ్గర అంటుకున్నదే.

ఆయన చరరాశి అన్న మాటను ఏడో తరగతి సగం గడిచేదాకా మా చెవిన వేయలేదు. ఒకరోజు రెండు గాజు గ్లాసులు తెచ్చారు. ఒకదాంట్లో చల్లటి నీళ్ళు, ఇంకోదాంట్లో ఉడుకు నీళ్ళు. రెండిట్లోనూ సమానంగా దొడ్డుప్పు రాళ్ళు వేయమన్నారు. నా పక్కనున్న పిల్ల ఉత్సాహం పట్టలేక ఉడుకు నీళ్ళ గ్లాసులో పుల్ల పెట్టి గిరగిరా తిప్పింది.

"ఎందుకు తిప్పినవ్ బిడ్డా?"

"జల్ది కరుగుతదని సార్."

"మంచిగనే కరిగింది. ఇగ చెప్పు, గది నీళ్ళ ఉడుకుకు కరిగిందా, నీ పుల్లకు కరిగిందా?"

ఆ పిల్ల గ్లాసు వైపు చూసింది. మేమందరం చూశాం. గ్లాసు ఏమీ చెప్పలేదు.

"ఎంగిలైంది" అన్నారు సారు. "పారబొయ్యి."

మేము పడీ పడీ నవ్వాం. అప్పుడాయన బల్ల మీద కూర్చుని అడిగారు. "ఇంట్ల అన్నం కుండ ఉంటది. నువ్వు నోట్లె పెట్టుకున్న చెయ్యి కుండల పెడితివి. మీ అవ్వ ఏమంటది?"

"తంతది సార్."

"తన్నంగ, ఏమని తంతది? కుండంత ఎంగిలి జేసినవని. ఏ మెతుకు నీ చెయ్యి తాకిందో, ఏ మెతుకు తాకలేదో ఏరగలుగుతదా? ఏరలేదు. ప్రయోగం గూడ గంతే. ఒక్కటి మార్చు. మారింది ఏందో చూడు. మిగిలినయన్ని కదలకుండ పట్టుకో. రెండు మారిస్తివా, ఏది దేనితోని అయిందో ఏరలేవు."

అంతే. స్వతంత్రం, పరతంత్రం, నియంత్రితం మొత్తం ఆ కుండలో ఉంది. ఆ తర్వాత మా బడిలో అన్నీ ఎంగిలి అయ్యాయి. పెసలు మొలకెత్తించినప్పుడు వెలుతురులో పెట్టినవాటికి నీళ్ళు ఎక్కువ పోశాం, ఎంగిలి. కాగితం విమానాలు ఎగరేసినప్పుడు ఒకడు బెంచీ ఎక్కి వదిలాడు, ఎంగిలి. ఆటల పీరియడులో పరుగు పందెం పెడితే ఒకడికి చెప్పులున్నాయి ఒకడికి లేవు, అది కూడా ఎంగిలే అని మాలో మేమే కొట్టుకునేవాళ్ళం. ఎంగిలి సారు అన్న పేరు అప్పుడే పడింది. ఆ పేరు ఆయన చెవిన కూడా పడింది. మెచ్చుకుంటున్నామనే అనుకుని ఉంటారు, అది నిజం కూడా.

ఇంతవరకే అయితే నేను ఈ స్మృతి రాయాల్సిన పని లేదు. ఆ గులాబీ బొమ్మ చాలు.

మా బడిలో మధ్యాహ్న భోజనం వండే ముసలామె చేతకాక మానేస్తే ఆమె జాగాలో రాజవ్వ వచ్చింది. రాజవ్వది మాదిగవాడ. మనిషి పొడుగు, గొంతు పెద్దది, గరిటె పట్టుకుంటే హెడ్మాస్టరు కూడా పక్కకు జరిగేవాడు. ఆమె వచ్చిన కొన్నాళ్ళకే ఊళ్ళో ఒక మాట పుట్టింది. రాజవ్వ వండిన అన్నం జల్ది పాచిపోతుందట. పిల్లలు మిగిలింది డబ్బాలో ఇంటికి తెచ్చుకుంటే సాయంత్రానికే వాసన వస్తుందట. ముసలామె వండినప్పుడు రాలేదట. చివరికి బడి కమిటీ చైర్మను ఇద్దరు మనుషులను వెంటేసుకుని వచ్చి మా క్లాసు ముందే నిలబడ్డాడు.

"సారూ, కులం గిలం అని మేమంటలేము. అన్నం పాశిపోతుంది. పిల్లల పానం సంగతి. ఆమెను తీసేస్తం."

అబద్ధం కూడా శుభ్రంగా చెప్పలేని మనిషి. సారు ముక్కు ముడుచుకున్నారు కానీ ఘాణ్ అనలేదు. ఆయనకు తెలిసిన పని ఒక్కటే కాబట్టి అదే చేశారు. "పాశిపోతుందా లేదా పిల్లలే చూసి చెప్తరు. దాని తర్వాత మాట్లాడుదం" అన్నారు. ఓడితే రాజవ్వ పని పోతుంది. గెలిస్తే ఉంటుంది. మాకు అట్లాగే అర్థమైంది, చైర్మనుకూ అట్లాగే అర్థమైంది. రాజవ్వను మాత్రం ఎవరూ అడగలేదు.

ప్రయోగం మేమే కట్టాం. ఒకే సంచిలో బియ్యం, ఒకే బోరు నీళ్ళు, ఒకేలాంటి గిన్నెలు, పక్కపక్కన పొయ్యిలు. బడి విడిచే వేళకు ఒకటి రాజవ్వ వండింది, ఇంకోటి చైర్మను వాళ్ళ వదిన వచ్చి వండింది. రెండిట్లోంచి సమానంగా తీసి రెండు స్టీలు గిన్నెల్లో మా క్లాసు కిటికీ కట్ట మీద పెట్టాం. మార్చింది వండిన చెయ్యి ఒక్కటే. సారు చుట్టూ తిరిగి చూసి తల ఊపారు.

మర్నాడు పొద్దున రాజవ్వ గిన్నెలో అన్నం జిగురు సాగింది. వాసన గది గుమ్మం దాకా వచ్చింది. పక్క గిన్నెలో అన్నం పైన కాస్త ఎండి, మామూలుగా ఉంది. చైర్మను ముఖం వెలిగిపోయింది. కండువాతో ముక్కు మూసుకుని మరీ నవ్వాడు. వాసన చూసి సంబరపడే మనుషులను అంతకుముందు నేను చూడలేదు.

సారు గిన్నెల వైపు కాదు, రాజవ్వ గిన్నె మీద నుంచి తీసి పక్కన పెట్టిన పళ్ళెం వైపు చూశారు. దాని లోపలి వైపు నీటి చుక్కలు అంటుకుని ఉన్నాయి.

"ఈ గిన్నె మీద మూత ఎవరు పెట్టిన్రు?"

మా క్లాసు లీడరు లేచాడు. దొరికిపోయిన ముఖం కాదు, మంచి పని చేసిన ముఖం. "నేనే సార్. నిన్న పొయ్యేటప్పుడు."

"ఎందుకు పెట్టినవ్? అన్నం ఇంక ఉడుకుడుకుగ ఉండె గదా?"

"మా అవ్వ చెప్పింది సార్. గా గిన్నెకు మూత పెట్టున్రి, లేకపోతె పక్క దానికి అంటుతది అని."

సారు గొంతు తగ్గింది. "ఏం అంటుతది?"

లీడరు మా అందరి వైపు చూసి, ఇంత చిన్న సంగతి సారుకు తెలియదా అన్నట్టు నవ్వాడు. "మీరే చెప్పిన్రు గద సార్. చెయ్యి పెడితే కుండంత ఎంగిలి అని."

ఎవరో కిసుక్కుమన్నారు. సారు రుమాలు తీసి ముఖం తుడుచుకున్నారు. తుడిచిన చోటే మళ్ళీ తుడుచుకున్నారు. ఆ ముఖంలో ఎప్పుడూ మా పనుల మీద ఉండే రోత ఉంది, కానీ అది మా వైపు లేదు. తాను నోటితో అన్న మాటే ఎవరో నమిలి తిరిగి ఆయన చేతిలో పెట్టినట్టు నిలబడ్డారు.

వేడి అన్నం మీద మూత పెడితే ఆవిరి లోపలే తిరిగి తొందరగా పాడవుతుంది, అది మీకూ తెలుసు. సారు మళ్ళీ పెట్టించారు. ఈసారి రెండిటికీ మూత లేదు. చైర్మను మనిషే ఒకడు కాపలా కూర్చున్నాడు. మర్నాడు పొద్దున రెండూ బాగున్నాయి, సాయంత్రానికి రెండు గిన్నెలూ ఒకే తీరుగా పాడయ్యాయి. చూపిస్తే చైర్మను గిన్నెల వైపు సరిగ్గా చూడను కూడా లేదు.

"సరే సారూ, అన్నం సంగతి ఇడిసిపెట్టున్రి. తల్లిదండ్రులకు ఇష్టం లేదంటున్న. గది చూడున్రి" అన్నాడు.

చూశారా? అన్నం పాచిపోతుందన్నంతసేపూ అన్నమే కారణం. పాచిపోదని తేలాక అన్నం కారణం కాదు. ప్రశ్నకు జవాబు దొరకగానే ప్రశ్నను మార్చేసే ఈ తెలివిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ నోట్లో చేదు ఊరుతుంది. చివరికి రాజవ్వ ఉండిపోయింది. ప్రయోగం గెలిచి కాదు, ఆ పొగలో కూర్చుని అంతమందికి వండడానికి ఊళ్ళో ఇంకెవరూ రాలేదు కాబట్టి. కొందరు పిల్లలు ఇంటి నుంచి డబ్బాలు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. మా లీడరు వాళ్ళలో ముందుండేవాడు.

ఆ రెండు గిన్నెలనూ రాజవ్వే తీసుకుపోయి మురుగు మోరీలో గుమ్మరించింది. గుమ్మరించి ఊరుకోలేదు. సారు ఎదుటే నేల మీద ఉమ్మింది.

"థూ! మంచి బువ్వను కుళ్ళబెట్టి సూస్తున్నరు. నన్ను ఒక్క మాటన్న అడిగినవా సారూ? నువ్వు నా దిక్కున్నవనుకున్న. నువ్వు గూడ నన్ను గిన్నెల పెట్టి సూస్తివి."

"అడగలే" అన్నారు సారు. "తప్పైంది రాజవ్వా."

"అయితది, అయితది" అని ఆమె గిన్నెలు మోగించుకుంటూ పోయింది. చాలా రోజులు ఆయనతో మాట్లాడలేదు.

మర్నాడు క్లాసులో సారు ఏ పాఠమూ తెరవలేదు. "గా ప్రయోగం నేను పెట్టించకుండ ఉండాల్సింది" అన్నారు. మాకు అర్థం కాలేదు. రెండోసారి సరిగ్గానే చేశాం కదా, ఒక్కటే మార్చాం కదా అని నేనే లేచి అడిగాను.

"ప్రశ్ననే ఖరాబున్నప్పుడు ప్రయోగం ఎంత సాఫ్ జేస్తే ఏం ఫాయిదా బిడ్డా? మనిషి చెయ్యి మారిస్తే అన్నం మారుతదా అని వాళ్ళడిగిన్రు. ఛీ, ఇదేం ప్రశ్న అనాల్సినోన్ని, గిన్నెలు తెచ్చి పెట్టిన." మళ్ళీ అన్నారు. "ఇంకోటి. నేను మీకు నేర్పిన మాట ఉన్నది చూడు, గది ఇగ మన క్లాసుల వద్దు. రెండు మారిస్తే కలిసిపోయింది అందం."

కలిసిపోయింది అన్న మాటలో మజా లేదు. మేము గొణిగాం. ఆయనకూ అలవాటు పోలేదు. ఎవడైనా తప్పు చేస్తే "ఎం..." అని మొదలుపెట్టి, నోరు మూసుకుని, ఒక్క క్షణం ఆగి "కలిసిపోయింది" అనేవారు. ఆ ఆగడం నాకు బాగా గుర్తు. ఆయన దగ్గర నేను నేర్చుకున్న సైన్సు సగం ఆ ఆగడంలోనే ఉంది. ఒక మనిషి తన నోటికి ఇష్టమైన మాటను, పిల్లలను నవ్వించే మాటను, తనకు పేరు తెచ్చిన మాటను నోట్లోనే ఆపేసుకోవడం.

ఆ రోజు నుంచి మధ్యాహ్నం పూట ఆయన మాతోపాటు పంక్తిలో కూర్చుని తిన్నారు. త్యాగం చేస్తున్నట్టు కాదు. రాజవ్వ చారు బాగుండేది కాదు, ఆ మాట చెప్పేవారు. "ఘాణ్! ఇది చారా, మోరీ నీళ్ళా?" అంటే, "మోరీ నీళ్ళయితె పళ్ళెం నాకినట్టు ఎందుకు తాగినవ్ సారూ?" అని ఆమె పొయ్యి దగ్గరి నుంచే అరిచేది. పెసరపప్పు చేసిన రోజు మాత్రం ఆయన నోరెత్తేవారు కాదు, మళ్ళీ పెట్టమని పళ్ళెం జరిపేవారు. వాళ్ళిద్దరూ అట్లాగే మెల్లగా మళ్ళీ కలిశారు. ఆయన రోత అందరికీ సమానం, మెప్పు కూడా అంతే. ఇంతకంటే గొప్ప మర్యాద నేను చూడలేదు. రిటైరయ్యాక లక్సెట్టిపేటలో ఇల్లు కట్టుకుని ఉన్నప్పుడు కూడా రాజవ్వ అటు వైపు పోతే డబ్బాలో పప్పన్నం పట్టుకుపోయేదట. పోయిన ఏడు ఆయన మంచం పట్టాక ఆ డబ్బా కోసమే ఎదురుచూసేవారని సారు ఇల్లాలు నాతో చెప్పింది.

పదకొండో దినానికి నేను మెట్‌పల్లి నుంచి బస్సులో పోయాను. ఇంటి ముందు పెద్ద ఫ్లెక్సీ కట్టి ఉంది. "మా ఎంగిలి సారుకు అశ్రునివాళి" అని సారు ముఖం కంటే పెద్ద అక్షరాలు, కింద అది వేయించిన మా లీడరు ఫోటో, కూలింగ్ గ్లాసులతో. ఇప్పుడు అతనో పెద్ద మనిషి. చనిపోయిన మనిషి ఉమ్మేసిన మాటను ఏరి తెచ్చి ఆయన మెడలోనే దండ వేశారు. నేను ఆ ఫ్లెక్సీని చూడకుండా పక్క సందులోంచి ఇంట్లోకి పోయాను.

గోదావరి ఒడ్డున పిట్టకు పెట్టారు. చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ ఆకులో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఇంటివాళ్ళు ఎదురుచూసే ఆచారం అది. గారెలు, మటను, చాయ, అరటిపండు, ఆయన ఎన్నడూ ముట్టని సిగరెట్టు, అన్నీ ఆకులో ఉన్నాయి. కాకి రాలేదు. సిగరెట్టు తీసి స్వీటు పెట్టారు. జనాన్ని వెనక్కి జరగమన్నారు. ఆకును ఎండలోకి లాగారు. కొడుకును ముందుకు పిలిచి దండం పెట్టమన్నారు. ఒక్కసారిగా అన్నీ మార్చేస్తున్నారు. ఏ కాకి దేనికి వచ్చిందో ఇక ఆ దేవుడు కూడా చెప్పలేడు. నాకు నవ్వు, ఏడుపు కలిసే వచ్చాయి.

అప్పుడు వచ్చింది రాజవ్వ. జుట్టంతా నెరిసింది. నడుముకు కొంగు చుట్టుకుని, డబ్బా పట్టుకుని ఒడ్డు దిగింది. ఎవరినీ అడగకుండా ఆకులో ఒక మూలకు పిడికెడు పప్పన్నం పెట్టి, వెనక్కి వచ్చి నిలబడింది. కాకులు దూరంగా రాళ్ళ మీద అరుస్తున్నాయి, ఒక్కటీ దిగలేదు.

సారు వాళ్ళ అన్న ఆదిలాబాదు నుంచి వచ్చాడు. ఆయన ఆకు వైపు చూసి రాజవ్వ వైపు తిరిగాడు. "ఇంటి మనుషులు పెట్టేది బాయీ ఇది. నువ్వు పెట్టినంకనే పిట్ట వస్తలేదు. గా మూలకున్నది తియ్యున్రి."

నేను ఉండబట్టలేకపోయాను. "పెద్దయ్యా, ఆమె రాకముందు గూడ రాలే గదా!"

"అప్పుడు వేరు" అన్నాడు ఆయన.

అప్పుడు వేరట. అంత ఆకులో, అన్ని పదార్థాల్లో, వాళ్ళ కళ్ళకు మళ్ళీ ఆ చెయ్యి ఒక్కటే కనబడింది. ఎవరో ఒకతను నిజంగానే పుల్ల పట్టుకుని ఆ పిడికెడు అన్నాన్ని పక్కకు నెట్టడానికి వంగాడు. వేలితో కాదు, పుల్లతో. మా లీడరు పక్కకు చూస్తూ కూలింగ్ గ్లాసులు సర్దుకున్నాడు. రాజవ్వ డబ్బాకు మూత పెట్టి పోవడానికి తిరిగింది. ఆమె కళ్ళలో నీళ్ళు లేవు, మోరీ దగ్గర చూసిన ముఖమే ఉంది.

"ఆగు రాజవ్వా."

సారు ఇల్లాలు. అంతసేపూ ఒడ్డున మెట్ల గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి లేచి వచ్చింది. పుల్ల పట్టుకున్నవాడు నిటారుగా నిలబడ్డాడు.

"ఆయన బతికున్నన్ని రోజులు తిన్నది గీ చేతి అన్నం. ఇగ సచ్చినంక కాకినడిగి తినాల్నా?" అంది బావగారి ముఖంలోకి సూటిగా చూసి. తర్వాత రాజవ్వ వైపు తిరిగింది. "పొద్దటి నుంచి ఏం తినలే. ఆకలైతుంది, కూసో. పెట్టు."

"ఒదినమ్మా, పిట్ట ముట్టకముందు తినద్దే..." అని వెనక నుంచి ఎవరో ఆడమనిషి భయంగా అంది. ఆమె వినిపించుకోలేదు. ఇసుకలోనే కూర్చుంది. రాజవ్వ ఒక్క క్షణం డబ్బా పట్టుకుని నిలబడి, ఆమె ఎదురుగా కూర్చుని మూత తీసింది. పళ్ళెం లేదు. అన్నం కలిపి ముద్ద చేసి చేతిలో పెట్టింది. సారు ఇల్లాలు కళ్ళు మూసుకుని తిన్నది. వెనక జనం ముఖాలు ఎట్లా పెట్టారో తిరిగి చూడకపోయినా నేను ఊహించగలను.

నేను చెప్పులు విడిచి వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాను. రాజవ్వ నా ముఖం చూసి, ఏ సంవత్సరం పిల్లవే నువ్వు అని అడిగి, జవాబు వినకుండానే ఇంకో ముద్ద చేసింది. కాకి దిగిందో లేదో నాకు తెలియదు. ఆకు నా వీపు వెనక ఉంది, నేను చెయ్యి చాచి ఉన్నాను.